చిన్న వ్యాపారానికి ప్రొఫెషనల్ లుక్ దేనివల్ల వస్తుంది? లోగో వల్లా, అమరిక వల్లా?

కొయ్యబల్ల
మేమిద్దరం చేతితో బల్లలు, కుర్చీలు, పుస్తకాల అరలు చేస్తాం. విజిటింగ్ కార్డు, కొటేషన్ కాగితం, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు అన్నీ టెంప్లేట్ యాప్‌లో నేనే చేసుకున్నాను. పోయిన వారం ఒక కస్టమర్ మా బల్లను చేత్తో తడిమి చూసి ఎంతో మెచ్చుకున్నారు. కొటేషన్ ఇవ్వగానే మాత్రం "ఇది కూడా మీరిచ్చిందేనా?" అని అడిగారు. అప్పట్నుంచీ ఆ మాటే మనసులో తిరుగుతోంది.

మంచి లోగో చేయిస్తే అంతా సర్దుకుంటుందని మా భాగస్వామి అంటున్నాడు. నాకేమో లోపం ఇంకెక్కడో ఉందనిపిస్తోంది. కార్డు మీద ఉన్నవి చెబుతాను: నాలుగు రకాల ఫాంట్లు, లేత ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు, రంపం బొమ్మ, చుట్టూ లతల అంచు, మేం చేసే పదకొండు పనుల జాబితా. మీరైతే ముందు దేన్ని మారుస్తారు?

గీతరేఖ
డిజైనర్‌గా చెబుతున్నానండీ, లోగోతోనే మొదలుపెట్టండి. బొమ్మ అందంగా ఉంటుందని కాదు. మంచి డిజైనర్ లోగో గీసే ముందు మీ పని ఏమిటి, ఎవరికోసం, మిగతా వాళ్లకీ మీకూ తేడా ఎక్కడ అని అడుగుతారు. వాటికి జవాబులు దొరికాక రంగు, ఫాంట్ ఎంచుకోవడం తేలికవుతుంది. పైగా ఆ టెంప్లేట్‌లోని రంపం బొమ్మను ఎవరైనా వాడుకోవచ్చు. మీ ఒక్కరిదీ కాని బొమ్మను ట్రేడ్‌మార్క్ చేసుకోవడం కష్టం.

తెల్లజాగా
గీతరేఖ గారూ, ఆ ప్రశ్నలు అవసరమే, ఒప్పుకుంటాను. కానీ లోగో ముందు అన్నదాన్ని ఒప్పుకోలేను. బూట్ల కంపెనీ నైకీ గుర్తును 1971లో కరొలిన్ డేవిడ్సన్ అనే డిజైన్ విద్యార్థిని గీశారు. కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ఫిల్ నైట్‌కి అది మొదట పెద్దగా నచ్చలేదు. ఏళ్ల తరబడి వాడగా వాడగా దానికి ఆ బలం వచ్చింది. కొత్త వ్యాపారం లోగో ఇంకా ఎవరి మనసులోనూ లేదు. అది ఒక్కటే కాగితాన్ని నిలబెట్టలేదు.

కొయ్యబల్ల గారూ, ఒక పని చేసి చూడండి. రంపం బొమ్మను బొటనవేలితో మూసి కార్డు చూడండి. అప్పటికీ గజిబిజిగానే ఉంటే లోపం లోగోది కాదు. నేనైతే ముందు ఫాంట్లను ఒకటికి తెస్తాను, మహా అయితే రెండు. ఒకే కుటుంబంలోని మామూలు, బోల్డ్ రకాలతో చాలా పని జరిగిపోతుంది. ఆ తర్వాత అన్నిటినీ ఎడమవైపు ఒకే గీతకు చేరుస్తాను. ఇప్పుడు మీ కార్డులో కొన్ని మధ్యలో, కొన్ని కుడివైపు ఉండి ఉంటాయి. టెంప్లేట్‌లో పేరు పొడవు మారగానే జరిగేది అదే.

అన్నిటికన్నా ముఖ్యం, చూసేవాళ్ల కన్ను మొదట ఎక్కడ పడాలో మీరే నిర్ణయించాలి. కొటేషన్‌లో అది మొత్తం ధర, పని పూర్తయ్యే తేదీ. వాటిని పెద్దగా వేసి చుట్టూ ఖాళీ వదలండి. షరతులు చిన్నగా కింద ఉండొచ్చు. అన్నీ బోల్డ్‌లో ఉంటే ఏదీ బోల్డ్‌గా కనిపించదు. కొటేషన్ తెలుగులో ఇస్తుంటే వరసల మధ్య ఎడం పెంచండి. ఇంగ్లిష్‌కి సరిపోయే ఎడంలో మన ఒత్తులూ గుడులూ ఒకదాన్నొకటి తగులుతాయి.

అచ్చుపని
నేను ప్రెస్‌లో పనిచేస్తాను. మీ ఇద్దరి మాటా నిజమే కానీ, మా దగ్గరికొచ్చే చాలా కార్డులు ఫైలు దగ్గరే చెడిపోతున్నాయి. చాట్‌లో వచ్చిన లోగోను సేవ్ చేసి పంపుతారు. 2 అంగుళాల వెడల్పున అచ్చు వేయాలంటే, అంగుళానికి 300 చొప్పున 600 పిక్సెళ్లు కావాలి. అందులో సగం కూడా ఉండవు. ఫోన్‌లో చక్కగా కనిపించిందే కాగితం మీద మసకబారుతుంది. లోగో వెక్టర్ ఫైలు, అంటే ఎంత పెద్దది చేసినా మసకబారనిది, ఒకటి తప్పకుండా దాచుకోండి, కార్డుకైనా బోర్డుకైనా అదే పనికొస్తుంది.

రంగు అంచు దాకా వెళ్తుంటే కటింగ్ గీత దాటి 3 మిల్లీమీటర్లు బయటికి పెంచండి. లేకపోతే కత్తి కాస్త జరిగినా పక్కన తెల్ల గీత తేలుతుంది. చిన్న నల్ల అక్షరాలకు నల్ల ఇంకు ఒక్కటే వాడాలి. రంగుల అచ్చులో వాడే నాలుగు ఇంకులూ కలిపితే అవి వెంట్రుకవాసి తప్పినా అక్షరం అంచు చెదిరిపోతుంది. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ ఆ నాలుగు ఇంకుల (సీఎంవైకే) అచ్చులో చప్పగా వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

చేతిరాత
ఇవన్నీ పాటిస్తే తప్పులేని కార్డే వస్తుంది, కానీ అది ఎవరి కార్డయినా కావచ్చు. తెల్ల జాగా, పలుచని ఫాంట్, లేత బూడిద రంగు... ఇప్పుడు అన్ని కంపెనీలదీ అదే వేషం. చేతితో బల్ల చేసేవాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలా కనిపిస్తే నాకు నమ్మకం కలగదు. లతల అంచు వాళ్ల సొంత గీత అయితే ఉండనివ్వండి. పదకొండు పనులూ ఉంటే తప్పేమిటి? వెతుక్కునేవాళ్లకు తెలియాలి కదా.

తెల్లజాగా
చేతిరాత గారూ, వేషం గురించి మీరన్నది నిజం. పొందిగ్గా ఉండాలన్నాను గానీ రంగూ రుచీ లేకుండా ఉండమనలేదు. చేతితో గీసిన అంచు ఉండొచ్చు, కానీ అది ప్రతి కాగితం మీదా ఒకే తీరున ఉండాలి. కార్డు మీద లతలు, కొటేషన్ మీద నీలం గీతలు, పోస్టుల్లో మరో రంగు ఉంటే కస్టమర్‌కి మూడు వేర్వేరు వ్యాపారాలు కనిపిస్తాయి. "ఇది కూడా మీరిచ్చిందేనా" అన్న ప్రశ్న అక్కడే పుట్టిందని నా నమ్మకం. పదకొండు పనుల జాబితాకి మాత్రం చోటు వెబ్ పేజీలో, కార్డు మీద కాదు.

మీరు చెప్పిన లేత బూడిద అక్షరాలకు నేనూ వ్యతిరేకినే. డబ్ల్యూసీఏజీ అనే వెబ్ ప్రమాణం ఏఏ స్థాయిలో మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, అడుగుతుంది. లేత ఆకుపచ్చ మీద పసుపు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. వయసు పైబడినవాళ్లు ఫోన్ నంబరు చదవలేకపోతే ఆ కార్డు ఎంత అందంగా ఉన్నా దండగ.

కొయ్యబల్ల
అందరికీ కృతజ్ఞతలు. బొటనవేలితో మూసి చూశాం. గజిబిజి అలాగే ఉంది. మా భాగస్వామి కూడా చూసి కాసేపు మాట్లాడలేదు. రాత్రి ఇద్దరం కూర్చుని కొటేషన్ మళ్లీ తయారుచేశాం: ఒకే ఫాంట్, తెల్ల కాగితం, ముదురు గోధుమ రంగు అక్షరాలు, ధర కింద తేదీ. లతల అంచు మా అమ్మ గీసింది. దాన్ని స్కాన్ చేసి చిన్నగా కింద ఒక మూలన పెట్టాం. కార్డు, పోస్టులు కూడా ఇదే పద్ధతిలోకి మారుస్తాం. అచ్చుపని గారు చెప్పాక ఫైలు చూస్తే లోగో 240 పిక్సెళ్లే ఉంది.

గీతరేఖ గారూ, లోగో సంగతి వదిలేయలేదు. ప్రతి బల్ల అడుగునా మా గుర్తు కాల్చి వేయాలని ఉంది. ఇనుప ముద్రకి ఎలాంటి గుర్తు కావాలి?

గీతరేఖ
రంగుల్లేకుండా, ఒక్క ఆకారంతో నిలబడేది. గీతలు మరీ సన్నగా ఉంటే కాలి కలిసిపోతాయి, కాబట్టి లావుగా, మధ్యలో ఖాళీలు ధారాళంగా ఉండాలి. రంపం పళ్లు పనికిరావు. ముందు పెన్సిల్‌తో 2 సెంటీమీటర్ల సైజులో పది గీసుకుని రండి. అందులోంచే చూద్దాం.