‘నరం పట్టింది’ అంటే ఏ నరం?

దేవరకొండ నుంచి ఒక టీచరమ్మ అడిగారు: “పత్తి ఏరి వచ్చిన మా పెద్దమ్మ మణికట్టు చూపించి ‘నరం పట్టింది బిడ్డా, పిడికిలి బిగుస్తలేదు’ అంటుంది. డాక్టరేమో అది నరం కాదు, టెండాన్ (కండను ఎముకకు కట్టే తాడు) అంటాడు. ఇంతకీ తెలుగులో నరం అంటే ఏమిటి?”

పెద్దమ్మ తెలుగు సరిగ్గానే ఉందమ్మా. మన నరం, తమిళుల నరంబు, కన్నడిగుల నర ఒకే కుదురు మాటలు. తమిళంలో యాళ్ వాద్యం తీగ కూడా నరంబే. అంటే బిగదీస్తే మోగేది, మరీ లాగితే తెగేది. ‘నరాలు తెగే టెన్షన్’ అంటాం కదా, అక్కడ తెగేది బిగుసుకున్న తాడే. మటన్ కొట్టు దగ్గర ‘నరాలు తీసెయ్’ అంటే తీసేదీ ఆ తెల్లటి సాగని ముక్కనే. గ్రీకులో న్యూరాన్ అన్నా మొదట ఇదే అర్థం, వింటినారికీ అదే పేరు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అనే వైద్యులు శవాలు కోసి చూసి, స్పర్శను మోసే తీగలను గుర్తించాక ఆ మాట మెల్లగా అటు జరిగింది.

ఇప్పుడు మీ ముంజేతిని మోచేయి కింద రెండో చేత్తో పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే ముడవండి. కదలిక మోచేతి కిందే తెలుస్తుంది. వేళ్లలో వాటిని ముడిచే కండ లేదు. ఆ కండలు ముంజేతిలో, కొన్ని చిన్నవి అరచేతిలో ఉంటాయి, వాటి తాళ్లు మాత్రం వేలి ఎముకల దాకా వెళ్తాయి. నడిమి కణుపును ముడిచే తాడు వేలి దగ్గర రెండుగా చీలుతుంది. వేలి కొసను ముడిచే తాడు ఆ చీలికలోంచి దూరి ముందుకు పోతుంది. ఈ అమరిక ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే.

బొటనవేలి కొసనూ చిటికెన వేలి కొసనూ కలిపి మణికట్టు కొంచెం వంచితే నడుమ ఒక తాడు పొంగుతుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. కంగారు అక్కర్లేదు, పట్టు తగ్గదు. అక్కడి నుంచి బొటనవేలి వైపు జరిగితే కొట్టుకునేది నాడి. నీలంగా కనిపించేవి సిరలు. ఊళ్లో నాడి తప్ప అన్నీ నరాలే. బడి పుస్తకం ఆ నాడినే తీసుకుని నాడీ వ్యవస్థ చేసింది. టెండాన్‌కు స్నాయువు అనే సంస్కృతం మాట ఉన్నా, అది జనం నోట నిలవలేదు.

అసలు చిక్కు మణికట్టు లోపల ఉంది. అక్కడ ఒక ఇరుకు దారిలో 9 తాళ్లు, వాటితో పాటు మీడియన్ నర్వ్ అనే స్పర్శ మోసే తీగ పోతాయి. తాళ్ల చుట్టూ ఉండే పొర వాస్తే నలిగేది ఆ నర్వ్. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు సగం తిమ్మిరెక్కుతాయి, రాత్రిపూట ఎక్కువ. చిటికెన వేలికి అది అంటదు. వట్టి తాడు నొప్పయితే కదిపినప్పుడు గుంజుతుంది. అందుకే పెద్దమ్మ మాట దిద్దకుండా ‘గుంజుతుందా, తిమ్మిరెక్కుతుందా, ఏ వేలు?’ అని అడగండి. ఆమె ఆ రెండు మాటలనూ కలిపి వాడదు.

పోచంపల్లి దిక్కు నుంచి ఒక తమ్ముడి స్పందన: “అన్నా, మా ఇంట్ల ఆసు పోసేటోళ్లు (చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పేటోళ్లు) నరం అనకపోయేది, ‘రెక్కలు పడిపోయినయ్’ అనేటోళ్లు. రెక్క అంటే ముంజేయా, జబ్బనా?”

తమ్మీ, భుజం నుంచి కింది దాకా మొత్తం రెక్కే. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’లో ఉన్నదీ అదే. ఆసు పోయడంలో ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలని లెక్క చెప్తారు. తల్లి లక్ష్మి పడే బాధ చూడలేకనే శారాజీపేట నేతకారుడు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. అంత బారున చెయ్యి ఊగే పనిలో భారం భుజం, మోచేతుల మీద పడుతుంది, కాబట్టి మీవాళ్లు రెక్క అన్నారు. పత్తి ఏరేది వేళ్లు, మణికట్టు ఆడిస్తూ, కాబట్టి పెద్దమ్మ నరం అంది. గద్వాల, నారాయణపేట మగ్గాల మీద ఏమంటారో అక్కడివాళ్లు రాయండి.