సమస్య: చందురుండు కాలి క్రింద నుండె

నిర్వాహకుడు: ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; ముందరి మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం కలవడం యతి; ఇక్కడ వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిశాయి కనుక 'చంద – క్రింద' ప్రాసయతి. జూలై 20 వస్తోంది, 1969లో అపోలో 11 చంద్రుడి మీద దిగిన రోజు. (మన గడియారాల్లో తొలి అడుగు 21 ఉదయం 8:26కి పడింది.) ఆ యాత్ర మీదే పూరించండి. నీళ్లలో నీడ, అద్దంలో బింబం లాంటి అలవాటైన దారులు ఈసారి వద్దు.

తుని మాస్టారు:
నీలు మెట్టు మెట్టు నిచ్చెనఁ దిగివచ్చి
యెడమ కాలితోడ నడుగు వెట్టె
మెత్తనైన ధూళి మీద ముద్ర పడఁగ
చందురుండు కాలి క్రింద నుండె

నిర్వాహకుడు: మాస్టారూ, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ నిచ్చెన దిగడం కళ్లకు కట్టింది. ఎడమ కాలన్నదీ నిజమే. అయితే 'పడఁగన్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట; దాని తర్వాత 'చ' 'జ'గా మారే సరళాదేశం వచ్చి సమస్య 'జందురుండు' అయిపోతుంది. 'మీద ముద్ర లవిగొ' అంటే ఆ చిక్కు ఉండదు, గణాలూ (పాదంలో అక్షరాల కొలతలూ) సరిపోతాయి.

తుని మాస్టారు: సవరించుకున్నాను. మనమంతా చూసే ఆ బూటు ముద్ర ఫోటో నిజానికి ఆర్మ్‌స్ట్రాంగ్ వెనకే దిగిన ఆల్డ్రిన్‌ది. 'ముద్రలు' అంటే ఇద్దరివీ వచ్చాయి, సంతోషం.

ఖమ్మం సోదరి: ఆ ఇద్దరి పేర్లే ఎక్కువ వింటాం. మూడో మనిషి మైకేల్ కాలిన్స్ 2021 ఏప్రిల్ 28న కన్నుమూశారు. ఆయన కోసం:
కాలు మోపలేదు కాలిన్సు నేలపై
నొక్కఁడుండి నౌక నోపి నడిపె
తిరుగుచున్నవాని తీరని కోరికై
చందురుండు కాలి క్రింద నుండె

నిర్వాహకుడు: అమ్మా, ఎంత బాగుంది! ఆయన ఉన్న కొలంబియా నౌక చంద్రుడి మీద సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది. తాకకుండానే చంద్రుణ్ణి కాలి కింద పెట్టారు. నాకు ఈ దారి తట్టనే లేదు.

తుని మాస్టారు: ఒక్క మాట తల్లీ. 'తీరని కోరిక' దగ్గర నా మనసు ఒప్పుకోవడం లేదు. నౌక చంద్రుడి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ దాదాపు 48 నిమిషాలు రేడియో మూగబోయేది. ఆ ఏకాంతంలో తనకు తృప్తిగానే ఉందని ఆయనే చెప్పుకున్నారు. ఆయన్ను వేధించింది వేరే: కింద చంద్రుడి మీద దిగిన ఈగిల్ నౌక ఇంజను రాజుకోకపోతే, తోటివాళ్లిద్దరినీ అక్కడే వదిలి ఒక్కడూ ఇంటికి రావాలి. నెలల తరబడి మోసిన భయం అది.

ఖమ్మం సోదరి: నిజమే మాస్టారూ. నాకు కలిగిన బాధను ఆయనదిగా రాసేశాను. మూడో పాదం మార్చాను:
తిరుగుచున్నవాని తృప్తికి సాక్షియై
చందురుండు కాలి క్రింద నుండె

నిర్వాహకుడు: తి – తృ యతి చెల్లింది. ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇదే.