నమ్మాను, నమ్ముకున్నాను: 2 తిమోతి 1:12 మీద ఒక ప్రశ్న

కె.ఆర్.పురం నుంచి:
గ్రూపులో వ్యాకరణం తెలిసినవాళ్లకి ఒక ప్రశ్న. మొన్న బెంగళూరులో మా తెలుగు ఆరాధనలో ఒక పిన్నిగారు సాక్ష్యం చెప్పారు. కొడుకు ఉద్యోగం పోయింది, ఇంటి లోన్ ఈఎంఐలు ఆగిపోయాయి. మైకు పట్టుకుని కాసేపు మాట రాలేదు. చివరికి "నేను నమ్ముకున్న దేవుడు నన్ను ముంచడు" అని కూర్చున్నారు. "నమ్మిన దేవుడు" అని ఉంటే అంత బలంగా తగిలేది కాదనిపించింది.

ఇంటికొచ్చి పాత బైబిలులో పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక 1:12 తీశాను. "నేను నమ్మినవాని ఎరుగుదును గనుక సిగ్గుపడను, నేను ఆయనకు అప్పగించినదానిని రాబోవుచున్న ఆ దినమువరకు ఆయన కాపాడగలడని రూఢిగా నమ్ముకొనుచున్నాను." అదే రోమా 8:38-39లో అయితే "రూఢిగా నమ్ముచున్నాను" అనే ఉంది, "కొను" లేదు. గ్రీకు మూలంలో రెండు చోట్లా ఒకటే క్రియ, పెపెయిస్మయి. అంటే ఈ తేడా మనవాళ్లు పెట్టిందే. ఎందుకంటారు?

హొసకోటె మాష్టారు:
ఎందుకు పెట్టారో అనువాదకులే చెప్పాలి గానీ, తేడా మాత్రం ఉందండీ. వండాడు, వండుకున్నాడు. రెండోదాంట్లో ఆ కూడు తినేదీ వాడే. పేపర్లో వార్త చదివి "నమ్మాను" అంటాం, "నమ్ముకున్నాను" అనం. నేలను నమ్ముకున్న రైతు అంటాం. మాట నిజమని ఒప్పుకుంటే నమ్మడం, బతుకు తీసుకెళ్లి దాని మీద పెడితే నమ్ముకోవడం. కన్నడంలోనూ నంబు, నంబికొళ్ళు ఇదే తీరు. మా పక్కింటాయన "ఇదే కెలస నంబికొండిద్దీవి" (ఈ పనినే నమ్ముకుని ఉన్నాం) అంటే నాకు ఇంకెవరూ అర్థం చెప్పక్కర్లేదు.

కమ్మనహళ్లి తమ్ముడు:
మాష్టారూ, చిన్న అడ్డు. "ఆయన్ని నమ్ముకున్నా" సరే. కానీ "అని" తగిలిస్తే? "వస్తాడని నమ్ముకున్నా, రాలేదు." ఇప్పటి చెవికి ఇది మోసపోయినవాడి మాట. "కాపాడగలడని నమ్ముకొనుచున్నాను" అంటే పౌలు టెన్షన్‌తో ఎదురుచూస్తున్నట్టు లేదూ?

హొసకోటె మాష్టారు:
మంచి అడ్డే వేశావు. ఆ అనుమానం రాకుండానే "రూఢిగా" ఉంది. అంతకన్నా ముందున్న "నమ్మినవాని ఎరుగుదును" చూడు. నమ్మినదాన్ని కాదు, నమ్మినవాణ్ణి. పౌలు ఇది రాస్తున్నది జైలు నుంచి. నాలుగు వాక్యాలు దాటితే, ఒనేసిఫోరు తన సంకెళ్లను చూసి సిగ్గుపడలేదని చెప్పుకుంటాడు. విడుదలవుతానో లేదో ఎరుగుదునని అనడం లేదు, ఎవరి చేతిలో ఉన్నానో ఎరుగుదునంటున్నాడు. మన పట్టు ఎంత గట్టిదన్న లెక్క ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

ఇంకోటి, "అప్పగించినది" దగ్గర గ్రీకు మాట పరథేకే. ఒకరి మీద నమ్మకంతో దాచమని ఇచ్చిన సొమ్ము. పాత తెలుగులో దీనికి ఇల్లడ అనే చక్కని మాట ఉండేది, ఇప్పుడు నిఘంటువుల్లోనే కనిపిస్తుంది. దాచుకున్నవాడి పూచీ అది, ఇచ్చినవాడిది కాదు.

మారతహళ్లి నుంచి:
అంతా ఆయన పూచీయే అయితే "అంతమువరకు సహించినవా డెవడో వాడే రక్షింపబడును" ఎక్కడికి పోవాలి అన్నయ్యా? రక్షణ పోతుందా పోదా అని మా ఆయనకీ మామయ్యగారికీ ప్రతి క్రిస్మస్‌కీ వాదనే. బిర్యానీ చల్లారిపోతుంది గానీ అది తేలదు.

కె.ఆర్.పురం నుంచి:
1618-19లో నెదర్లాండ్స్‌లో డోర్ట్ సభ అని సంఘ పెద్దల సభ ఒకటి ఈ తగువు మీదే కూర్చుందక్కా, అప్పట్నుంచీ రెండు పక్షాలూ అలాగే ఉన్నాయి. మీ ఇంట్లో తేలకపోతే తప్పేం లేదు. కానీ ఇదే పత్రిక 4:7 చూడండి: "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని." మళ్లీ మన "కొను"! 1:12లో కాపాడేది దేవుడు, ఇక్కడ కాపాడుకున్నది పౌలు. గ్రీకులో ఈ రెండూ వేరు వేరు క్రియలు, తెలుగులో ఒకటే పడింది. యూదా పత్రికలోనూ అంతే. 21లో "కాచుకొని యుండుడి" అని మనకి చెప్పి, 24కి వచ్చేసరికి తొట్రిల్లకుండా కాపాడేవాడు ఆయనే అంటాడు. రెంటిలో ఒకటి కొట్టేసి ఇంకోటి ఉంచుకోవడం నాకైతే చేతకాదు.

కమ్మనహళ్లి తమ్ముడు:
మా నాయనమ్మ "మేము నమ్ముకున్నాక" అంటే బాప్తిస్మం తీసుకున్నాక అని అర్థం. దేవుణ్ణి అనే మాట కూడా ఉండదు. మాది గుంటూరు వైపు. ఈ వాడుక మిగతా చోట్ల ఉందా?

మారతహళ్లి నుంచి:
మా ఇంట్లో "ప్రభువులోకి వచ్చినాక" అంటారు. మాది చిత్తూరు జిల్లా. కోలారువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.