ధ్రువ వక్రాలను చేతితో గీయించడం ఇంకా అవసరమా?

కోనసీమ లెక్కల మాస్టారు:
డిగ్రీ పిల్లలకు కలన గణితంలో ధ్రువ నిరూపకాలు (బిందువును కేంద్రం నుంచి దూరం 'ఆర్', కోణం 'తీటా'లతో చెప్పే పద్ధతి) మొదలుపెట్టేసరికి మా విభాగంలో ఒక వాదన లేస్తోంది. ఫోనులో గ్రాఫులు గీసే డెస్మోస్ యాప్ తెరిచి సమీకరణం కొట్టగానే వక్రం కళ్లముందుకు వస్తున్నప్పుడు, తీటాకు పదిహేనేసి డిగ్రీల చొప్పున విలువలిచ్చి పట్టిక వేయించడం, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టించడం వృథా ప్రయాస అని తోటి అధ్యాపకులు కొందరు అంటున్నారు. ఆ పని మానిపించకూడదని నా గట్టి అభిప్రాయం. ఆర్ = కాస్ 3తీటా అనే గులాబీ వక్రాన్నే తీసుకోండి. తెర మీద మూడు రేకులు చూసిన పిల్లలు, ఆర్ వర్గంలో సగాన్ని 0 నుంచి 360 డిగ్రీల వరకు సమాకలనం చేసి, వైశాల్యం 'పై'లో సగం అని రాస్తారు. అసలు జవాబు 'పై'లో నాలుగో వంతే. 180 డిగ్రీలకే మూడు రేకులూ పూర్తయి, ఆపైన బిందువు అదే గీత మీద రెండోసారి నడుస్తుంది. 60 డిగ్రీల దగ్గర ఆర్ = −1 వచ్చి, చుక్కను ఎదుటి దిక్కున 240 డిగ్రీల గీత మీద పెట్టిన విద్యార్థికి ఈ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.

భీమవరం విద్యార్థిని:
మాస్టారూ, మీరు చూపిన పొరపాటు నిజమే కానీ, దానికి మందు పట్టిక కాదండి. తీటా పై హద్దును స్లైడరుగా పెట్టి మెల్లగా జరిపితే 180 దగ్గర వక్రం మూసుకోవడం అందరికీ కనిపిస్తుంది. అలా మిగిలిన సమయాన్ని అనంత శ్రేణులకు ఇవ్వండి. యంత్రం చేతులెత్తేసేది అక్కడే. 1 + 1/2 + 1/3 + ... అని సాగే హరాత్మక శ్రేణిలో 10 లక్షల పదాలు కూడినా మొత్తం 14.4 దాటదు, ఆ అంకెను చూసినవారెవరైనా అది ఎక్కడో ఆగుతుందనే అనుకుంటారు. 1/3, 1/4 కలిస్తే సగానికి మించుతుంది, 1/5 నుంచి 1/8 వరకు కలిపినా సగానికి మించుతుంది, ఇలా సగాలు ఎన్నైనా పుడుతూనే ఉంటాయి కనుక శ్రేణి అపసరిస్తుందని, అంటే మొత్తం ఎక్కడా ఆగకుండా పెరుగుతూనే ఉంటుందని, 14వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు ఒరెమ్ చేసిన నిరూపణ కాగితం మీదే సాధ్యం.

తణుకు విశ్రాంత ఉపన్యాసకుడు:
శ్రేణుల గురించి నువ్వన్నది అక్షరాలా నిజం అమ్మా. అయితే ధ్రువ వక్రాల్లోనూ బొమ్మ దాచేసే విషయం ఒకటుంది. ఆర్ = కాస్ తీటా అనే వృత్తాన్ని, ఆర్ = 1 − కాస్ తీటా అనే హృదయాకార కార్డియాయిడ్‌నూ సమానం చేస్తే కాస్ తీటా = 1/2 వచ్చి, 60, 300 డిగ్రీల దగ్గర రెండు ఖండన బిందువులు దొరుకుతాయి. తెర మీద మాత్రం మూడు కనిపిస్తాయి. మూడోది ధ్రువం, అంటే ఆర్ సున్నా అయ్యే కేంద్ర బిందువు. వృత్తం అక్కడికి 90 డిగ్రీల దగ్గర చేరుతుంది, కార్డియాయిడ్ 0 డిగ్రీల దగ్గర. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి ఉదయం పంటు దాటిన నీటి మీదుగానే సాయంత్రం మరో పడవ పోతే, రెండూ ఒకే చోటును తాకినట్టే కానీ ఎదురుపడినట్టు కాదు. ఎక్స్, వైలను కాలం లాంటి మూడో రాశి టీతో చెప్పే పరామితీయ సమీకరణాల్లో ఆ టీ చేసే పనినే ఇక్కడ తీటా చేస్తోంది. స్లైడరును ఎక్కడ ఆపి చూడాలో తెలియాలన్నా, ఆర్ ఎక్కడ సున్నా అవుతుందో, ఎక్కడ రుణమవుతుందో ముందే కట్టుకొని ఉండాలి కదా.

భీమవరం విద్యార్థిని:
కట్టుకోవాలండి, కానీ దానికి ఇరవై నాలుగు వరుసల పట్టిక దేనికి? ఆర్ = 1 + 2 కాస్ తీటా అనే లిమసాన్ (లోపల చిన్న మెలిక ఉండే వక్రం) బొమ్మను ప్రశ్నపత్రంలోనే అచ్చువేసి, లోపలి మెలిక ఏ తీటాల మధ్య ఏర్పడుతుందో అడగండి. కాస్ తీటా −1/2 కన్నా తక్కువైనప్పుడే ఆర్ రుణం కనుక 120 నుంచి 240 డిగ్రీల వరకు అని రెండు పంక్తుల్లో తేలుతుంది; ఆ మెలిక వైశాల్యానికి సమాకలన హద్దులూ అవే.

కోనసీమ లెక్కల మాస్టారు:
ఈ ప్రశ్న బాగుంది, వచ్చే పరీక్షలో పెడతాను. కార్డియాయిడ్‌కు, గులాబీకి మాత్రం పట్టిక వేయించక మానను. ఆర్ రుణమైనప్పుడు చుక్క ఎటు పెట్టాలన్న తడబాటు తరగతి గదిలో, పెన్సిలు చేతిలో ఉన్నప్పుడే తీరాలి. లిమసాన్ నుంచి మీ పద్ధతే పాటిస్తాను.