నాలుగో తరగతి పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదివించొచ్చా? (కడప)

ప్రశ్న: పాపకు తొమ్మిదేళ్లు. వచ్చే జూన్ నుంచి ఇంటి చదువే అనుకుంటున్నాం. చట్టం అడ్డొస్తుందా? రేపు పదో తరగతి సర్టిఫికెట్ ఎట్లా? రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెట్టాల?

జవాబు 1: 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రులదే అంటుంది, ఇంటి చదువు ఊసు మాత్రం ఎత్తదు. ఒప్పుకోలూ లేదు, శిక్షా లేదు. టీసీ తీసుకునేటప్పుడు పాప పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) రాసిపెట్టుకోండి. బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితా యూడైస్‌లో పేరు డ్రాప్‌బాక్స్‌కు, అంటే బడి వదిలినవాళ్ల జాబితాకు పోతుంది. మళ్లీ బడిలో చేర్చాలంటే ఆ నంబరుతోనే లాగుతారు. అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాల.

జవాబు 2: పదికి ఎన్‌ఐఓఎస్ (కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్) గానీ, ఏపీ ఓపెన్ స్కూల్ గానీ. రెంటికీ 14 ఏళ్లు నిండాల. ఎన్‌ఐఓఎస్‌లో కింది తరగతుల సర్టిఫికెట్ లేకున్నా స్వీయ ధ్రువీకరణ సరిపోతుంది. అందులో ఐదు సబ్జెక్టులు, పాస్ మార్కులు 33 శాతం, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. లెక్కలు కష్టమని పెయింటింగ్, హోమ్ సైన్స్ తీసుకునేవాళ్లున్నారు. ఇంటర్లో ఎంపీసీ అనేసరికి తెల్లమొగమే. ఎన్‌ఐఓఎస్ కోడ్‌లు 211 (గణితం), 212 (సైన్స్) వదలొద్దండి.

ఎక్కువ మంది ఇరుక్కునేది పేరు దగ్గర. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒట్టి ఇనీషియల్. ఈ రెండూ ఇప్పుడే ఒకటి చేయించండి.

ప్రశ్న అడిగినవారు: ఎన్‌ఐఓఎస్, ఏపీ ఓపెన్ స్కూల్ రెండిట్లో ఏది మేలన్నా?

జవాబు 2: ఇక్కడే ఉండేవాళ్లకు ఏపీ ఓపెన్ స్కూల్ సులువు. వేరే రాష్ట్రాలకు బదిలీ అయ్యే ఉద్యోగమైతే ఎన్‌ఐఓఎస్. అందులోనూ తెలుగు మీడియం ఉంది.

జవాబు 3: తొమ్మిదేళ్ల పిల్లకు పుస్తకంతో రెండు గంటలు చాలక్కా. బడి టైంటేబుల్ ఇంట్లో పెడితే నెల తిరక్కముందే తల్లీబిడ్డలకు పోట్లాట. కొలతలు చేతితో చేయించండి: టేపుతో గది కొలిచి, 50 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు లెక్కన గ్రాఫ్ కాగితం మీద గీయమనండి. 4 మీటర్ల గోడ 8 సెంటీమీటర్ల గీతవుతుంది. 3 మీటర్ల 20 అయితే? అక్కడ దశాంశాలు దానంతటవే వస్తాయి. చదివే పుస్తకాలకు బ్రౌన్ గ్రంథాలయం మీ ఊళ్లోనే ఉందాయె.

ఇంటి పిల్లలు నోటితో చక్కగా చెప్తారు, రాయమంటే చెయ్యి సాగదు. పరీక్షేమో మూడు గంటలు. పదకొండో ఏట నుంచి వారానికొకసారి గడియారం పెట్టి అరగంట రాయించండి, ఏటా పావుగంట పెంచుతూ పోండి.