ఇంట్లో ఒకటే ఫోన్: బడి పాఠాలు, హోంవర్కు ఎలా నడిపిస్తున్నారు?

పుత్తూరు నాన్న:
మావాడు 7వ తరగతి, హోంవర్కు అంతా క్లాసు వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది. ఫోనేమో నాతోపాటు రేణిగుంట డ్యూటీకి వచ్చేస్తుంది. నేను ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది, వాడు అప్పటికే తూగుతుంటాడు. ఇంకో ఫోన్ కొనే పరిస్థితి ఇప్పట్లో లేదు. మీరంతా ఏం చేస్తున్నారు?

పలమనేరు అక్క:
దీక్ష యాప్ వేసుకోండన్నా. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం తాలూకు వీడియోలు వస్తాయి. వైఫై ఉన్నచోట దించి పెట్టుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. మా పాప పుస్తకంలో కోడ్ మీద ఇంకు ఒలికి స్కాన్ కాలేదు. దాని కిందే ఆరు అక్షరాల కోడ్ అచ్చేసి ఉంటుంది, అది టైప్ చేస్తే వచ్చేసింది.

పుత్తూరు నాన్న:
కోడ్ సంగతి తెలీదక్కా, థ్యాంక్స్. కానీ ఫోనే ఇంట్లో ఉండదు కదా, దించి ఏం లాభం?

కుప్పం:
టీవీ ఉంటే డీడీ ఫ్రీ డిష్‌లో పీఎం ఈ-విద్య చానెళ్లు చూడొచ్చు, తరగతికొకటి, నెల బిల్లు లేదు. ఆ పన్నెండూ ఎక్కువగా హిందీ, ఇంగ్లిషులోనే ఉంటాయి, లెక్కలకైతే పర్వాలేదు. మాకు ఫోనున్నా సుఖం లేదులెండి. వసారాలో తమిళనాడు టవరు, పెరట్లో కర్ణాటక టవరు!

మదనపల్లె అమ్మ:
మాది ఇంకో తలనొప్పి. ప్రైవేటు బడి యాప్‌లో మా ఆయన నంబరు ఎక్కించారు, ఆయనేమో కువైట్‌లో. ఫీజు చూడాలన్నా, మార్కులు చూడాలన్నా ఓటీపీ అక్కడికి పోతుంది. ఆయన పనిలో ఉంటే అంతే సంగతులు. నంబరు మార్చమంటే ‘తండ్రి సంతకం కావాలి’ అన్నారు. నేను తల్లిని కాదా అని ఆఫీసులో గట్టిగా అడిగాకే మార్చారు.

చంద్రగిరి టీచర్:
పుత్తూరు సార్, హోంవర్కు గ్రూపులో పెట్టడంతో పాటు బోర్డు మీద కూడా రాయమని క్లాస్ టీచర్‌ని అడగండి. అది అడగడానికి మొహమాటం వద్దు. నేనైతే బోర్డు మీద రాసి పిల్లల చేత డైరీలో ఎక్కించాకే ఫొటో తీసి గ్రూపులో పెడతాను. చదువురాని అవ్వలుంటారని ఒక వాయిస్ మెసేజ్ కూడా పెడతాను.

ఇంకోటి. 2022 డిసెంబర్‌లో 8వ తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబ్‌లు ఇచ్చింది. వాళ్లు పది దాటేశారు, చాలా ఇళ్లలో అవి బీరువాల్లో ఉన్నాయి. లాక్ ఉంటుంది కాబట్టి అన్ని యాప్‌లూ ఎక్కవు. మీ వాడు 8కి వచ్చాక మాత్రం అందులో ఉన్న పాఠాలు పనికొస్తాయి.

పుత్తూరు నాన్న:
రేపే బడికి వెళ్లి అడుగుతా మేడం. మా వదినవాళ్లింట్లో అలాంటి ట్యాబ్ ఉంది, చార్జర్ ఎక్కడ పెట్టారో దొరకడం లేదంట.

చంద్రగిరి టీచర్:
మా బడిలో ఇచ్చినవాటికి టైప్-సీ పిన్నే సార్, మీ ఫోన్ చార్జర్ అదే అయితే పెట్టి చూడండి.