సరుకు వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్పించాలా, మడత మంచం వేసుకుంటే సరిపోతుందా?

కడియం మొక్కలబండి
మాది కడియపులంక. నర్సరీ మొక్కలు హైదరాబాద్, బెంగళూరు తోలుతుంటాను. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఫోర్స్ ట్రావెలర్ డెలివరీ వ్యాన్ తీసుకున్నాను. 2018 మోడల్, పసుపు ప్లేటు, వెనకంతా మూసి ఉన్న రేకు పెట్టె, ఆర్సీలో సీటింగ్ డ్రైవరుతో కలిపి రెండు. లోడు దించాక లాడ్జికి డబ్బు తగలేయకుండా బండిలోనే పడుకోవాలని, లోడ్లు లేని వారం ఇంట్లోవాళ్లని మారేడుమిల్లి, లంబసింగి, గండికోట తిప్పాలని ఆశ. బాడీ షెడ్డు మేస్త్రీ ఏమో గోడలకు ఇన్సులేషన్ వేసి ప్లైవుడ్ కొట్టి, వెనక ఫిక్స్‌డ్ మంచం, దాని కింద అరలు, పైకప్పు కోసి ఫ్యాను పెడదాం అంటున్నాడు. మా బావమరిది ఒక్క మేకు కూడా కొట్టొద్దు, మడత మంచం చాలు అంటాడు. అడ్వాన్స్ ఇచ్చేలోపు మీరంతా ఏమంటారో చెప్పండి.

బెజవాడ డ్రైవరు
మీ బావమరిది మాటే నా మాట. ఇరవై రెండేళ్లుగా బండి మీదే బతుకుతున్నాను, మంచం బిగించిన సరుకు బండి ఏదీ రెండేళ్లకు మించి మంచంతో ఉండగా చూడలేదు. ఎందుకంటే పని వచ్చిన రోజున మంచం అడ్డం. మీ మొక్కలు నిలువు సరుకు, అరెకా పామ్‌లు, కొబ్బరి మొక్కలు పడుకోబెట్టి తోలలేరు కదా. మంచం ఉన్నంత మేర పై ఎత్తు పోతుంది, కింద అరల్లో కుండీ పట్టదు. రెండు ట్రిప్పులు అద్దె పోయాక మీరే స్క్రూలు విప్పేస్తారు, అప్పటికి గోడకు పడిన బెజ్జాల్లో తుప్పు మొదలై ఉంటుంది. ఖాళీ పెట్టె ఖాళీగానే ఉండనివ్వండి, తమ్ముడూ.

వరంగల్ వడ్రంగి
అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ మీరు చలికాలం గురించి మాట్లాడుతున్నట్టుంది. మొక్కలు ఎండకు వాడిపోతాయని ఈయన రాత్రంతా నడిపి పొద్దున దించుతాడు. అంటే పడుకునేది పగలు. మే నెలలో పగటి పూట వట్టి రేకు పెట్టెలో ఒక గంట పడుకుని చూడండి! నేను మూడు వ్యాన్లకు లోపలి పని చేశాను, ఇన్సులేషన్ లేని బండిలో రేకుకు చెయ్యి ఆనించలేం. ఇంకోటి, లోపల ప్యానెలింగ్ అనేది పడుకునేవాడి సుఖం కోసమే కాదు. తడి కుండీలు, రాళ్లు రేకుకు రాసుకుని పెయింటు లేచిపోకుండా కూడా అదే కాపాడుతుంది. సరుకు తోలేవాడికే అది ఎక్కువ అవసరం.

పాలసీ కాగితాలు
వేడి, చలి తర్వాత చూద్దాం, ముందు ఆర్సీ సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌తో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో చట్టంలో సెక్షన్ 182ఏ చేరింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైకప్పు కోయడం దీని కిందికి రాదని మీ మేస్త్రీ కాగితం మీద రాసి ఇస్తాడా? మోటార్ క్యారవాన్లకు, అంటే లోపలే ఉండి పడుకునేలా కట్టిన బండ్లకు, ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉంది. దాని ప్రకారం ఆమోదం పొంది రిజిస్టర్ అయ్యేదే క్యారవాన్. షెడ్డులో మంచం కొట్టించినంత మాత్రాన సరుకు బండి క్యారవాన్ అయిపోదు.

వరంగల్ వడ్రంగి
సార్, నేను చేసిన మూడు బండ్లనూ ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరూ ఆపలేదు. ఒకటి ఎఫ్‌సీకి, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి కూడా పోయి వచ్చింది.

పాలసీ కాగితాలు
ఆపలేదు సరే. యాక్సిడెంట్ అయిన రోజున కాగితాలు చూసేది బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒక్కడే కాదు. మా చిన్నాన్న సరుకు బండి వెనక చుట్టాలని ఎక్కించుకుని పెళ్లికి వెళ్తుంటే పల్టీ కొట్టింది, బీమా కంపెనీ పైసా ఇవ్వలేదు, ఆ అప్పు మా ఇంట్లో పదేళ్లు నడిచింది. తర్వాత లాయరు చెబితే తెలిసింది, 1994 సవరణ తర్వాత సరుకు యజమాని, లేదా అతని మనిషి బండిలో ఉంటే కవరేజీ ఉంది కానీ ఊరికే ఎక్కించుకున్నవాళ్లకి లేదు. 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది కూడా. కడియం అన్నా, మీరు ఇంట్లోవాళ్లని గండికోట తిప్పుతా అన్నారు, సీట్లు రెండే అన్నారు. మీ పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? మంచం మీదేనా?

కొండదారి
నేను అడగబోయింది ఈయన అడిగేశారు. పిల్లల తల్లిగా చెబుతున్నాను, కదిలే బండిలో వెనక రేకు పెట్టెలో పిల్లల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కూర్చోబెట్టకండి. బెల్టు ఉండదు, కిటికీ ఉండదు, ఘాట్‌లో సడన్ బ్రేకు వేస్తే వాళ్లు వచ్చి మీ సీటు వెనక గోడకు కొట్టుకుంటారు. బండి ఆగాక అందులో పడుకోవడం వేరు, నడుస్తుంటే అందులో ఉండటం వేరు. మేము ఏటికొప్పాక బొమ్మలు ఎగ్జిబిషన్లకు ఇలాంటి వ్యాన్‌లోనే తీసుకెళ్తాం, మా ఆయన బండిలో వస్తారు, నేను పిల్లలతో బస్సులో వెళ్తాను, రాత్రికి అందరం బండి దగ్గర కలుస్తాం.

ఇన్సులేషన్ గురించి కూడా ఒక మాట. లంబసింగిలో డిసెంబరులో తలుపులన్నీ బిగించి నలుగురం పడుకున్నాం. తెల్లారేసరికి రేకు మీద నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా దుప్పటి మీద పడుతున్నాయి, మా ఊపిరిలోని తడే అదంతా. పరుపు అడుగున చేత్తో తడిమితే చెమ్మ. వారంలోనే బూజు వాసన పట్టి పరుపు పారేశాం. ప్లై మీద పరుపు నేరుగా వేస్తే కింద గాలి ఆడదు, ఇక మీవి తడి మొక్కలు, కోకోపీట్ తోలే బండి, మా బొమ్మల బండి కన్నా చెమ్మ ఎంతో ఎక్కువ ఉంటుంది.

కడియం మొక్కలబండి
పిల్లల సంగతి చదివాక నిన్న రాత్రి సరిగా నిద్ర పట్టలేదండీ. నిజంగానే వెనక పరుపు వేసి పడుకోబెట్టి తీసుకెళ్దాం అనుకున్నాను. ఆ ఆలోచన మానేశాను, వాళ్లు బస్సులోనే వస్తారు. మంచం సంగతి ఇంకా తేలలేదు. మా నాన్నగారి నవారు మంచం ఒకటి అటక మీద ఉంది, దాని పట్టెలు విప్పి తెచ్చుకోవచ్చా అని ఆలోచిస్తున్నాను.

బెజవాడ డ్రైవరు
అదీ మాట! నవారులోంచి గాలి ఆడుతుంది, ఆ అమ్మ చెప్పిన చెమ్మ బాధ సగం పోతుంది. చెక్క పట్టెలు బరువు అనుకుంటే ఇనప గొట్టాల మడత మంచం తీసుకుని నవారు అల్లించుకోండి. లోడున్న రోజు మడిచి గోడ పక్కన నిలబెట్టి తాడేస్తే చెయ్యి వెడల్పు కూడా ఆక్రమించదు. మీ బావమరిది నడుపుతాడేమో, లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు, 7,500 కిలోల లోపు బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది. ఎఫ్‌సీ మాత్రం గుర్తుంచుకోండి, ఎనిమిదేళ్లు నిండాక ఏటా పెట్టించాలి, లోపల ఎంత తక్కువ ఉంటే అంత తక్కువ ప్రశ్నలు.

వరంగల్ వడ్రంగి
నవారు మంచం నాకు నచ్చింది, దాని మీద వాదించను. ఫిక్స్‌డ్ మంచం మాట వెనక్కి తీసుకుంటున్నా. బరువు లెక్కలో కూడా మీరే కరెక్ట్, 8x4 సైజు 18 ఎంఎం ప్లై షీటు ఒక్కటే 30 కిలోల పైన తూగుతుంది, గోడలు, మంచం, అరలు కలిపితే ఒక చిన్న లోడు అక్కడే పోయినట్టు. కానీ వేడి దగ్గర మాత్రం తగ్గను. పైకప్పుకి లోపలి వైపు రెండు పొరల ఫోమ్ షీటు అంటించండి, బరువు ఉండదు, కోత లేదు, బెజ్జం లేదు. గోడలకు సగం ఎత్తు వరకే పల్చటి షీటు, అదీ బండికి ముందే ఉన్న బెజ్జాల్లోకి బోల్టు వేసి, విప్పితే వచ్చేసేలా.

బెజవాడ డ్రైవరు
ఫోమ్ వేడిని ఆలస్యం చేస్తుందంతే, ఆపదు. పది గంటలకు కాగాల్సింది పన్నెండుకు కాగుతుంది, సాయంత్రం బయట చల్లబడ్డాక కూడా లోపల వేడి నిలుస్తుంది. చెట్టు కింద పెట్టి వెనక తలుపులు రెండూ తీసి దోమతెర కట్టుకుని పడుకోవడమే నాకు తెలిసిన ఉపాయం.

వరంగల్ వడ్రంగి
ఆ రెండు గంటలే కదా అన్నా రాత్రంతా నడిపినవాడికి నిద్ర! పైగా బంకుల్లో, మార్కెట్ యార్డుల్లో చెట్టు ఎక్కడ దొరుకుతుంది?

కొండదారి
ఇద్దరూ ఒకటి మర్చిపోతున్నారు, ఫ్యాను. మేము 12 వోల్టుల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు) ఫ్యాను వాడతాం, 25 వాట్లు అనుకుందాం, పది గంటలకి 250 వాట్-అవర్లు. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు 1,280 వాట్-అవర్లు ఉంటాయి, కాబట్టి మూడు నాలుగు రాత్రులు హాయిగా వస్తుంది. బండి స్టార్టింగ్ బ్యాటరీకి మాత్రం తగిలించకండి, పొద్దున బండి లేవదు. బ్యాటరీని చెక్క పెట్టెలో పెట్టి బెల్టుతో కట్టేయండి, ఫ్యూజు తప్పనిసరి.

ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని ఎవరూ పడుకోవద్దు. జనరేటర్ కూడా దగ్గర పెట్టొద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు, జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపల చేరింది. దానికి వాసన ఉండదు, మెలకువ రాదు. లోపల స్టవ్ వెలిగించడం కూడా అంతే, వంట బయటే చేసుకోండి.

పాలసీ కాగితాలు
ఇంకొకటి, వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో ఈరోజే చూడండి. సరుకు బండ్లలో చాలావాటికి లోపల హ్యాండిల్ ఉండదు. బయట నుంచి ఎవరైనా గడియ పెడితే లోపలున్నవాడు అక్కడే ఇరుక్కుంటాడు.

కడియం మొక్కలబండి
ఇప్పుడే టార్చి పట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. లేదండీ, లోపల హ్యాండిల్ లేదు. ముందు అది పెట్టించాకే పడుకుంటాను. మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వడం లేదు, నాన్నగారి మంచం రేపు దించుతున్నాను. పైకప్పుకి ఫోమ్ వేయాలా వద్దా అన్నది మాత్రం నాకింకా తేలలేదు, డ్రైవర్ అన్న మాట, వడ్రంగి అన్న మాట రెండూ నిజంలానే ఉన్నాయి. బుధవారం హైదరాబాద్ లోడు ఉంది, ముందు ఫోమ్ లేకుండా ఒక పగలు పడుకుని చూస్తాను.

వరంగల్ వడ్రంగి
చూడండి తమ్ముడూ. పోయే ముందు రెండు వీల్ ఆర్చిల (చక్రాల మీద లోపలికి పొడుచుకొచ్చే ఉబ్బుల) మధ్య వెడల్పు, పైకప్పు పొడవు కొలిచి ఇక్కడ పెట్టండి, ఫోమ్ ఎన్ని మీటర్లు పడుతుందో లెక్క కట్టి ఉంచుతా. బుధవారం మధ్యాహ్నం మీకది గుర్తొస్తుంది.

బెజవాడ డ్రైవరు
కొలతలతో పాటు ఒక పాత చీర కూడా పెట్టుకెళ్లండి. తడిపి వెనక తలుపుకి కట్టి ఫ్యాను అటు తిప్పి చూడండి. అప్పుడు చెప్పండి ఫోమ్ కావాలో వద్దో.